అద్దం మీది బొట్టు

బాలకోటయ్య మేస్టారు పెన్సిల్ చెక్కుతున్నాడంటే ఎవరింట్లోనో పూలదండకు పురమాయించినట్టే అని నరసరావుపేటలో ఒక మాట ఉండేది. మాట మొరటుదే గాని అబద్ధం కాదు. ఆయన హైస్కూల్లో డ్రాయింగు మేస్టారు. బళ్ళో పిల్లల చేత కుండలూ మామిడిపిందెలూ వేయించడం జీతం కోసం. ఇంటి వసారాలో డ్రాయింగు చెక్కపలక ఒళ్ళో పెట్టుకుని చనిపోయినవాళ్ళ బొమ్మలు వేయడం ప్రాణం కోసం. పల్నాడులో ఏ ఊళ్ళో ఎవరు పోయినా పెద్దకర్మ లోపల ఆ ఇంటివాళ్ళు బస్సెక్కి ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు. చేతిలో తపాలా బిళ్ళంత ఫోటో ఉండేది. లేదా ఏ పెళ్ళిలోనో పదిమంది వెనక నిలబడి సగం ముఖం కనబడే ఫోటో. దాని మీద మేస్టారు సన్నగా గడులు గీసేవాడు. డ్రాయింగు షీటు మీద అన్నే గడులు పెద్దవి గీసి, ఇక్కడి గడిలో ఉన్నది అక్కడి గడిలోకి ఎక్కించేవాడు. గడులు చెరిపేసి నీడలు దిద్దేసరికి, పోయిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నట్టుండేది. చూసి కళ్ళు ఒత్తుకోని వాళ్ళు లేరు.

ఆ బొమ్మల్లో ఒక వింత ఉంది. ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా ఎవరికీ నుదుట బొట్టు ఉండదు. దీని వెనక పెద్ద సిద్ధాంతం ఏదో ఉందనుకునేరు, ఏమీ లేదు. మొదట్లో బొట్టు వేసేవాడు. ఫ్రేము కట్టించాక ఇంట్లోవాళ్ళు అద్దం మీద కుంకుమ పెట్టడం మన ఆచారం కదా. ఆయన గీసిన బొట్టు ఒకచోట, వీళ్ళు పెట్టిన బొట్టు ఇంకోచోట. ఎడ్లపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయన బొమ్మను వెనక్కి పట్టుకొచ్చి, "మా అమ్మకి రెండు బొట్లేంది మేస్టారూ, బతికినన్నాళ్ళూ ఒక్కటే పెట్టుకుందిగా" అని అడిగాడు. అప్పట్నుంచి నుదురు ఖాళీగా వదిలేయడం అలవాటు చేసుకున్నాడు. పోయినవాళ్ళకి బొట్టు పెట్టడం ఉన్నవాళ్ళ పని, మనకెందుకు అనుకున్నాడు. చెయ్యి కూడా ఆ మాటకు అలవాటు పడిపోయింది.

బతికున్నవాళ్ళను మాత్రం ఆయన వేయడు. వయసులో ఉండగా తల్లి ముఖం వేశాడు, ఆమె ఎదురుగా కూర్చుని వత్తులు చేసుకుంటుంటే. నెల తిరక్కుండానే ఆ బొమ్మకే దండ వేయాల్సొచ్చింది. దానికీ దీనికీ ముడిపెట్టడం తెలివితక్కువ అని సర్దుకున్నాడు. తరవాత వెంకట్రామయ్య అని గురజాల వైపు ఒక ఊరి పెద్ద, పంచాయతీ ఎన్నికలకు ముందు, "నా బొమ్మ పెద్దది వెయ్యి మేస్టారూ, మా వాళ్ళు ఊరేగిస్తారంట" అని పట్టుబట్టి కూర్చున్నాడు. వేశాడు. ఎన్నిక రాకముందే ఎదుటి పార్టీ వాళ్ళు ఆయన్ని పొలం గట్టు మీద నరికేశారు. ఊరేగింపు జరిగింది, అదే బొమ్మతో. ఆ ఊళ్ళో పార్టీల గొడవ మూడు తరాల నుంచి ఉంది, అందులో పెన్సిలు చేసిన పాపమేమీ లేదు. ఆ సంగతి బాలకోటయ్యకూ తెలుసు. అయినా మూడోసారి చూడదల్చుకోలేదు.

ఆయన భార్య సీతారావమ్మ పెళ్ళయిన కొత్తలో సరదాకి అడిగేది. "ఊరందరివీ వేస్తావు, నాది వెయ్యవేందయ్యా." ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒక్కగానొక్క కూతుర్ని మాచర్ల ఇచ్చి పంపాక ఇంట్లో ఇద్దరే మిగిలారు. అప్పుడు ఇంకోసారి అడిగింది. ఆ తరవాత ఆమెకు ఆయాసం మొదలైంది. గుంటూరు డాక్టరు గుండె వాచిందన్నాడు. మందులు వాడండి, మెట్లెక్కనీయకండి, బిందె ఎత్తనీయకండి అన్నాడు. ఆపరేషన్ మాట ఎత్తితే, ఇప్పుడు ఆ శరీరం తట్టుకోదన్నాడు. ఆమెను బయట కూర్చోబెట్టి మేస్టారితో మరికొంచెం చెప్పాడు. బయటికొచ్చిన మొగుడి ముఖం చూసి సీతారావమ్మ ఏమీ అడగలేదు. తిరుగు బస్సులో, చిలకలూరిపేట దాటాక, మళ్ళీ బొమ్మ సంగతి ఎత్తింది.

"ఇప్పుడన్నా వెయ్యయ్యా."

"ఇప్పుడసలే వెయ్యను" అన్నాడు బాలకోటయ్య.

ఆమె కిటికీ వైపు తిరిగింది. "చచ్చినోళ్ళ ముఖాలు రోజుల తరబడి చూస్తూ కూచుంటావు. నా ముఖం ఎప్పుడన్నా అట్టా చూశావా" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆయనకు ఆ మాట ముల్లులా దిగింది. ఆమె అడుగుతున్నది బొమ్మ కాదని అప్పుడే తెలియాల్సింది. తెలియలేదు. చదువు చెప్పే మేస్టర్లకు కొన్ని ఆలస్యంగా తెలుస్తాయి.

అదే ఏడు, ఎనభై ఆరులో, బడికి కంప్యూటర్ వచ్చింది. ప్రభుత్వం వాళ్ళు అట్టపెట్టెల్లో పంపారు. టీవీ లాంటిదొకటి, మీటల పలక ఒకటి, పాటలు వినే టేపు రికార్డరు లాంటిదొకటి. గుంటూరు వెళ్ళి శిక్షణ తీసుకునేదెవరు అన్నప్పుడు లెక్కల మేస్టారికి బీపీ వచ్చింది, సైన్సు మేస్టారికి మరదలి పెళ్ళి వచ్చింది. హెడ్మాస్టరు లక్ష్మీనారాయణ గారు డ్రాయింగు మేస్టారిని పిలిచి, "నీకెటూ పీరియడ్లు తక్కువ, నువ్వెళ్ళు" అన్నారు. అలా వెళ్ళాడు. వెళ్ళి, అందరూ భయపడ్డ మిషను తన గడుల లెక్కకు చుట్టమే అని తెలుసుకుని ఆశ్చర్యపోయి వచ్చాడు. అడ్డం ఇంత, నిలువు ఇంత అని రెండంకెలు చెబితే తెర మీద అక్కడ చుక్క పడుతుంది. ఇక్కణ్ణుంచి అక్కడికి అంటే గీత పడుతుంది.

కంప్యూటర్ గదికి తాళం ఆయన దగ్గరే ఉండేది. సాయంత్రం బడి వదిలాక కూర్చునేవాడు. మొదట కుండ వేశాడు, తరవాత మామిడికాయ, తరవాత కోటప్పకొండ మూడు శిఖరాలు. పెన్సిలుకు లేని సుఖం ఒకటి దాంట్లో కనిపించింది. రబ్బరుతో ఎంత చెరిపినా కాగితం మీద పాత గీత ఆనవాలు మిగులుతుంది. ఇక్కడ తప్పు గీత పోతే పోయిందంతే, పుట్టనట్టే. లేని సుఖాలూ ఉన్నాయి. ఏటవాలు గీత మెట్లుమెట్లుగా వచ్చేది. చెంప వంపు వేస్తే గుడి మెట్లలా ఉండేది. పైగా ఇది తిరకాసు వ్యవహారం. కాగితం తెలుపు, మనం నలుపు పూయాలి. తెర నలుపు, మనం తెలుపు పూయాలి. కాగితం మీద జుట్టు నల్లబరచడానికి పూట పట్టేది, ఇక్కడ జుట్టును ముట్టుకోనక్కర్లేదు. వదిలేస్తే అదే నలుపు. నెరిసిన వెంట్రుక వేయాలంటేనే కష్టం, చుక్క చుక్క పెట్టాలి.

కరెంటు ఆపేస్తే బొమ్మ మాయమయ్యేది. టేపులో ఎక్కిస్తే రేపు మళ్ళీ పిలవొచ్చు, కాని తెర మీద మాత్రం ఏమీ ఉండదు. ఒకరోజు అలా ఆరిపోయిన తెరను చూస్తుండగా బాలకోటయ్యకు ఒక ఆలోచన తట్టింది. ఇది బొమ్మ కాదు కదా. కాగితం లేదు, పెన్సిలు లేదు, ఫ్రేము కట్టించడానికి లేదు, గోడకు కొట్టడానికి లేదు. దీనికి దండ వేసేదెవరు. ఆ గండమేదో పెన్సిలుకే గాని వెలుగుకు లేదు కదా. చావును ఏమార్చడానికి దారి దొరికిందనే అనుకున్నాడు పాపం. పెద్దవాడే, నలుగురికి చెప్పేవాడే, అయినా గుండెలో భయం పెట్టుకున్న మనిషికి ఇలాంటి లెక్కలు ఎంత సులువుగా కుదురుతాయో చెప్పలేం.

సీతారావమ్మకు ఒకే ఒక్క ఫోటో ఉంది, పెళ్ళినాటిది. తల వంచుకుని, బాసికం కింద సగం కళ్ళతో. దాన్ని ముందు పెట్టుకుని గడుల కాగితం మీద చుక్కలు గుర్తుపెట్టాడు. వంచిన తలను ఎత్తడం, బాసికం తీసేయడం తన ఊహతో చేశాడు. అంకెలన్నీ ఒక్కొక్కటిగా మీటల మీద కొట్టాడు. వర్షాకాలమంతా పట్టింది. ఇంట్లో ఆమె మందులు వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉండేది. ఆయన బళ్ళో ఆమె ముక్కు కొస దిద్దుతూ ఉండేవాడు. ఆలస్యంగా వస్తే, "ఏంది ఆ మిషనులో అంత పని" అని అడిగేది. "చూద్దువులే" అనేవాడు.

దసరా సెలవుల్లో విజయదశమి నాడు ఆమెను తీసుకెళ్ళి చూపించాలని ముహూర్తం పెట్టుకున్నాడు. బడి ఖాళీగా ఉంటుంది, ఎవరూ వేళాకోళం చేయరు. పొద్దున్నే వెళ్ళి టేపు తిప్పి బొమ్మను తెర మీదికి రప్పించాడు. తలెత్తి చూస్తున్న పడుచు సీతారావమ్మ. ఆయనకే సిగ్గేసింది. అటెండరు కొండలును పిలిచి, "నేనొచ్చిందాకా ఇక్కడే ఉండు. మీటలు మాత్రం ముట్టుకోమాక" అని చెప్పి, రిక్షా మాట్లాడుకుని ఇంటికి వెళ్ళాడు.

సీతారావమ్మ చాలా రోజుల తరవాత పట్టుచీర కట్టుకుంది. చీర కుచ్చిళ్ళు పోసుకోవడానికే రెండుసార్లు కూర్చోవాల్సొచ్చింది. నుదుట రూపాయంత కుంకుమ పెట్టుకుంది. జబ్బు పడ్డాక ఆ బొట్టు మరీ పెద్దదయింది. పసుపు కుంకుమలతో పోతే చాలు, అంతకంటే నాకేం వద్దు అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో అనడం ఆయన చాలాసార్లు విన్నాడు, విననట్టు ఊరుకున్నాడు. దారి పొడుగునా లారీలకూ సైకిళ్ళకూ బంతిపూల దండలు, బానెట్ల మీద పసుపు బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆమె అవన్నీ చిన్నపిల్లలా చూస్తూ వచ్చింది.

గది గుమ్మంలో కొండలు నిలబడి ఉన్నాడు. చెయ్యాల్సిన పని బాగా చేసినవాడి ముఖం వాడిది. లోపల అగరొత్తుల పొగ. బల్ల మీద కొట్టిన కొబ్బరికాయ. కంప్యూటర్ పెట్టెకు ఈ చివర నుంచి ఆ చివరకు బంతిపూల దండ. అద్దం మీద, సరిగ్గా ఆ ముఖం నుదుటి మీద, ఎర్రటి కుంకుమ బొట్టు. నలుపూ తెలుపూ తప్ప వేరే రంగు లేని ఆ తెర మీద అదొక్కటే ఎరుపు.

అచ్చం అలాంటి పటాలే బాలకోటయ్య ఇన్నేళ్ళుగా పల్నాడు గోడలన్నిటికీ ఇచ్చింది.

"మీటలు ముట్టుకోలా సార్" అన్నాడు కొండలు. "మిషనుకు పూజ చెయ్యమని హెడ్మాస్టర్ గారు నిన్ననే చెప్పారు. ఎవరో ముత్తైదువ లాగుందిగా, పండగ పూట నుదురు బోసిగా ఉంటే బాగుండదని బొట్టు మిషను మీద కాకుండా ఆమెకే పెట్టా."

వాడికి సీతారావమ్మ తెలియదు. తెలిసినా, ఆ పడుచుపిల్లకూ గుమ్మం పట్టుకుని రొప్పుతున్న ఈ మనిషికీ పోలిక కట్టలేడు. బాలకోటయ్య వాణ్ణి బయటికి పంపాడు. ఒక్క అంగలో తెర దగ్గరికి వెళ్ళి జేబురుమాలు తీసి అద్దం మీద కుంకుమను తుడవబోయాడు. బొట్టు సగం చెదిరి చెంప మీదికి జారింది.

"తుడవమాక" అంది సీతారావమ్మ.

ఆ గొంతుకు ఆయన చెయ్యి ఆగిపోయింది. అప్పుడు తెలిసొచ్చింది తను ఏం చేస్తున్నాడో. ఏ మొగుడూ బతికుండగా తన చేత్తో చేయని పని.

ఆమె నెమ్మదిగా వచ్చి బల్ల ముందు కుర్చీలో కూర్చుంది. ఆయాసం తగ్గేదాకా ఆ ముఖాన్నే చూసింది. ఆయన గబగబా చెప్పుకుపోయాడు, ఇది నువ్వే, వానాకాలం అంతా కూర్చుని వేశాను, నీకు చూపిద్దామని, వాడు తెలివితక్కువ వాడు, దండ తీసేస్తాను. ఆమె వినలేదు. వేలితో బొట్టు చెదిరిన చోటును తాకింది.

"దీని కింద ఏముంది?"

"ఏమీ లేదు."

"నాకు బొట్టు వెయ్యలా?"

బాలకోటయ్య నిజంగానే వేయలేదు. వేయకూడదని అనుకోలేదు, వేయాలనీ అనుకోలేదు. నుదురు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దాని దారిన అది పోయింది. ఇన్నేళ్ళు ఎందరికో వదిలినట్టే ఈ నుదురూ వదిలేసింది.

"అలవాటే" అన్నాడు. అనగానే నాలుక కరుచుకున్నాడు.

"పోయినోళ్ళకు వదిలే అలవాటుగా అది" అంది సీతారావమ్మ. ఏడవలేదు. "నేను పోయాననే కూచున్నావన్నమాట వానాకాలమంతా. లేకపోతే నువ్వు పోయావనుకోవాల. ఆడదాని నుదురు ఖాళీగా ఉందంటే రెండిట్లో ఒకటేగా."

ఆయన పెన్సిలును తప్పించుకున్నాడు, కాగితాన్ని తప్పించుకున్నాడు, తన చేతిని తప్పించుకోలేకపోయాడు. డాక్టరు గది నుంచి బయటికొచ్చిన రోజే తను ఈమెను లోలోపల సాగనంపేశాడని, ఆమె ఎదురుగా కూర్చున్నా పెళ్ళి ఫోటో వైపే చూశాడని, ఇప్పుడు ఈ ఖాళీ నుదురు మొహాన కొట్టి చెప్పింది.

అప్పుడే కరెంటు పోయింది. పండగైనా మన కరెంటుకు పండగ లేదు. తెర మీది పడుచుపిల్ల మాయమైంది. దండ ఉంది, చెదిరిన కుంకుమ ఉంది, వాటి మధ్య నల్లటి అద్దం ఉంది. ఆ అద్దంలో సీతారావమ్మ ముఖం కనిపించింది. వాచిన కనురెప్పలు, నెరిసిన పాపిట, నుదుట తను పెట్టుకున్న బొట్టు.

"ఇదీ నేను" అంది ఆమె అద్దంలోకి చూస్తూ. "ఆ పిల్లెవరో నాకు తెలవదు. ఇంటికి పోదాం పద."

ఇంటికొచ్చాక ఆమె చీర మార్చుకోలేదు. పడుకోమంటే పడుకోలేదు. వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని, పలక వైపు గడ్డంతో చూపించింది. ఆయన కదల్లేదు.

"నాకు భయమేస్తందే" అన్నాడు. పెళ్ళయ్యాక ఆ మాట ఆమెతో అనడం అదే మొదలు.

"నాకు మాత్రం లేదా. నేను పోతే ఈ గుండె వల్ల పోతా, నీ పెన్సిల్ వల్ల కాదు. ఆ సంగతి డాక్టరు నీకు చెప్పాడు, నువ్వు నాకు చెప్పలా, అంతేగా తేడా." ఊపిరి కోసం ఆగింది. "పోయాక ఎట్టాగూ చూస్తా కూచుంటావు. నేనుండగా ఒక్కసారి చూడు."

బాలకోటయ్య కొత్త షీటు తీసి పలకకు గుచ్చాడు. పెన్సిలు చెక్కబోతే బ్లేడుకు వేలు తెగింది. గడులు గీయడానికి స్కేలు అందుకుని, ఆగాడు. ఎదురుగా ఫోటో లేదు. గడులు గీయడానికి మనిషి మీద వీల్లేదు. స్కేలు పక్కన పెట్టి తలెత్తి చూశాడు.

చూస్తే, ఆయనకు తెలియని ముఖం ఒకటి అక్కడుంది. ఎడమ కన్ను కుడి కన్ను కంటే కొంచెం చిన్నది. పై పెదవి మీద ఎప్పటిదో కాలిన మచ్చ. ఊపిరి తీసినప్పుడల్లా మెడ పక్కన నరం లేచి పడుతోంది. ఇన్నేళ్ళు ఈ ముఖం పెట్టిన అన్నం తిన్నాడు, ఈ ముఖం లేపితే లేచాడు. చచ్చినవాళ్ళ ముక్కుల వంపులు కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాడికి ఇది తెలియలేదు. కళ్ళు నిండి, ఆ తెలిసిన కాస్తా అలుక్కుపోయింది. తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆమె ఆ చూపుకు తల దించుకోలేదు.

ఎప్పుడూ గడ్డం దగ్గర మొదలుపెట్టే పెన్సిలు షీటు మీద చాలాసేపు గాల్లోనే తిరిగింది. తరవాత ఆయన కాగితం పై సగంలో ఒకచోట మొన ఆనించి గుండ్రంగా తిప్పాడు. అదే చోట మళ్ళీ మళ్ళీ తిప్పుతూ, నొక్కుతూ, మరి చెరపడానికి వీల్లేనంత నల్లగా చేశాడు. కాగితమంతా తెల్లగా ఉంది. ముఖం లేదు, కళ్ళు లేవు, ఆ ఒక్క బొట్టే ఉంది.

సీతారావమ్మ మెడ సాచి చూసింది.

"ముందే పెట్టావా?"

"ముందే పెట్టా."

ఆమె గోడకు తల ఆనించింది. ఆయాసపడుతూనే, పొద్దుట్నుంచీ మొదటిసారి, ముఖం తేటపడింది.

"అయితే ఇంక అద్దం మీద ఎవురూ పెట్టక్కర్లా" అంది.